పట్టాకి ఊపిరి

పీటర్‌బరో
8 జూలై 2001

ఒరేయ్ మెర్వ్,

నాన్న షెడ్డు తలుపు తీశాను. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కుశలప్రశ్నలకి వస్తాను.

ఫోను చెయ్యొచ్చు కదా అనకు. ఫోన్లో నీ గొంతు నాకు డబ్బాలో పడ్డ ఈగ చప్పుడులా ఉంటుంది. చెవిలో పెట్టుకునే మిషను ఈల వేస్తుంది తప్ప ఇంకెందుకూ పనికిరాదు. కాగితం మీదైతే నీ మాట మొత్తం నాకు దక్కుతుంది.

నాన్న బల్ల మీద కట్టిన బొమ్మ రైలు మీంచి దుప్పటి తీసేసరికి ఊరంతా అలాగే ఉందిరా. స్టేషను, నీళ్ళ ట్యాంకు, ఇంజన్లు తిప్పే గుండ్రటి షెడ్డు, నాన్న అగ్గిపుల్లలతో కట్టిన వంతెన. బయట అసలైన యార్డు పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు. మన చిన్ననాటి యార్డు ఇప్పుడు ఈ బల్ల మీద తప్ప ఎక్కడా లేదు. దాన్ని చూస్తే ఇదీ అని చెప్పగలిగిన వాళ్ళం కూడా మనిద్దరమే మిగిలాం. అందుకే దీన్ని మళ్ళీ నడిపిద్దామని పట్టుదల పుట్టింది.

కానీ బల్ల కింద తీగెలన్నీ ఎలకలు కొట్టేశాయి. నీకు గుర్తుందిగా, రెండు బళ్ళు నడపాలంటే ఏ పట్టా ముక్కకి కరెంటు ఉండాలో, దేనికి తియ్యాలో, నాన్న ఆ స్విచ్చుల పలక మీద హార్మోనియం వాయించినట్టు వాయించేవాడు. నా కీళ్ళవాతం వేళ్ళతో అది నా వల్ల కాదు. పక్కింటి లాయిడ్ వచ్చి చూశాడు. టీవీలు బాగుచేసి రిటైరయిన మనిషి. "ఏమ్మా వెర్నా, ఈ తీగెల అడవిలో తెగింది ఎక్కడో వెతికేలోపు మనిద్దర్నీ పాతేస్తారు. పీకి పారేద్దాం. ఇప్పుడంతా చిప్పులే. పట్టాలన్నిటికీ ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఇంజన్లో ఉన్న చిప్పు తన నంబరు పిలిస్తేనే పలుకుతుంది. నువ్వు కుర్చీలో కూచుని బొత్తాం నొక్కడమే" అన్నాడు.

సరే అన్నాను. కరెంటు ఎక్కడా ఆగకూడదని పట్టాల అతుకులన్నీ సోల్డరింగ్ చేసేశాను. నా చేత్తోనే! బొబ్బలెక్కాయి కానీ పట్టా ఇప్పుడు ఒకటే గీత, ఎక్కడా సందు లేదు.

నాన్న చేసిన నల్ల ఇంజను, చిప్పు, రంగు డబ్బా పార్సిల్లో పంపుతున్నాను. నీ చేతులకున్న పనితనం మనింట్లో ఇంకెవరికీ రాలేదు. చిప్పు అమర్చి, రంగు వేసి, నంబరు పలకలు అతికించి పంపు. ఈస్టర్‌కి నువ్వు వచ్చి మొదటి బండి నడపాలి. నువ్వు నడిపితేనే దుప్పటి తీసినందుకు అర్థం. షెడ్డు ఫోటో కూడా పెట్టాను.

మీ అక్క
వెర్నా


పోర్ట్ లింకన్
29 జూలై 2001

అక్కా,

నాన్న రైలుకి చిప్పులా! ఆయన వింటే పార పట్టుకుని లేచొచ్చేవాడు. లాయిడ్‌కి టీవీలు దొరక్క మన రైలు మీద పడ్డాడు.

ఫోటో చూశాను. బాగా చిక్కిపోయావు. జుట్టు కత్తిరించుకున్నావా? నీకు నప్పింది.

జూలై కదా, ఇక్కడ చలి బాగానే ఉంది. పొద్దున్నే జెట్టీ దాకా నడిచి వస్తాను. నేను అన్నేళ్ళు నడిపిన గోధుమల గూడ్సు బండి రేవులోకి వస్తుంటే ఆ చప్పుడు వింటూ నిలబడతాను. ఇప్పుడు ఎవడో కొత్త కుర్రాడు నడుపుతున్నట్టున్నాడు, బ్రేకు మరీ తొందరగా వేస్తాడు.

ఇంజను అందింది. నాన్న దీన్ని బిస్కెట్ డబ్బా రేకుతో చేస్తుంటే పక్కన కూచుని చూడటం నాకింకా గుర్తే. కంకర కోసం క్వారీ నుంచి రాళ్ళపొడి తెచ్చి అమ్మ పిండి జల్లెడలో జల్లించాడు చూడు, ఆదివారం కేకు కొరికితే పళ్ళు కరకరలాడి పాస్టరు గారి దవడ పట్టేసింది. అమ్మ వారం పాటు నాన్నతో మాట్లాడలేదు. ఆ వారమంతా షెడ్డులో నాకూ నాన్నకీ పండగే.

చిప్పు సంగతి నాకు ఇష్టం లేదు. అయినా నువ్వు మొండిదానివి, చేసే తీరతావు. అమర్చి పంపుతాను. ఒక్కటే మాట. నాన్న ఊపిరి అలాగే ఉంచావు కదా? అది మాత్రం పోనివ్వకు. మిగతాదంతా నీ ఇష్టం.

నీ తమ్ముడు
మెర్వ్


పీటర్‌బరో
2 సెప్టెంబర్ 2001

మెర్వ్,

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు కప్పుల టీ పట్టింది. వరస మీద వరస ఎక్కి తొక్కేసింది. తాగి రాశావా? స్కూల్లో నీ దస్తూరీకి బహుమతి ఇచ్చిన టీచరమ్మ చూస్తే గుండె ఆగిపోయేది.

పైగా నేను చిక్కిపోయానట, జుట్టు కత్తిరించుకున్నానట! ఆ ఫోటోలో ఉన్నది లాయిడ్ రా! గడ్డం కూడా ఉంది ఆయనకి. పకపకా నవ్వి ఊళ్ళో అందరికీ చెప్పాడు. బేకరీకి వెళితే "గడ్డం గీయించావా వెర్నా?" అని అడుగుతున్నారు.

నాన్న ఊపిరి మాట చదివి మాత్రం నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నువ్వు ఇలాంటి మాటలు రాసే మనిషివి కావు. ఉంచకుండా ఎలా ఉంటానురా? ఆయన టోపీ ఇంకా ఆ మేకుకే ఉంది. దులపలేదు, ఉతకలేదు. షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా ముక్కు దగ్గర పెట్టుకుంటాను. పొగాకు, నూనె, నాన్న. ఆ ఊపిరి ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు చెడ్డ కబురు. ఇంజను వచ్చింది. పలకల్లో ఒకటి తలకిందులుగా అతికించావు. అది తమాషా అనుకున్నాను. పట్టాల మీద పెట్టి లాయిడ్ నంబరు పిలిచాడో లేదో, బుస్సుమని పొగ. చిప్పు మాడిపోయింది. విప్పి చూస్తే మోటారు తీగెలో పోగు ఒకటి విడిపోయి ఇంజను చట్రానికి తాకుతోంది. "పట్టా కరెంటు చట్రంలోంచి చిప్పులోకి ఎదురెక్కింది. ఇది చూసుకోకుండా ఎవరూ మూత బిగించరు" అన్నాడు లాయిడ్. గడియారాలు విప్పి మళ్ళీ కూర్చే చేతులు నీవి. నీకు ఆ పోగు కనిపించలేదంటే నమ్మమంటావా?

చిప్పులు ఇష్టం లేకపోతే ఆ ముక్క మొహం మీద చెప్పు. నాన్న ఇంజన్ని మాత్రం అడ్డం పెట్టుకోకు.

వెర్నా


పోర్ట్ లింకన్
7 అక్టోబర్ 2001

అక్కా,

ఆ పోగు నేను చూసుకోలేదు. కావాలని చెయ్యలేదు. నాన్న ఇంజన్తో నేను అలా చేస్తానని నీకు అనిపించిందంటే నాకు చాలా కష్టమేసింది. ఇంకో చిప్పు నేనే కొని పంపుతాను, లాయిడ్ చేతే అమర్చు.

ఒక్క పని చేసిపెట్టు. బండి నడిచాక టేపురికార్డరు బల్ల మీద పెట్టి క్యాసెట్టు నింపి పంపు. ఫోటోలు వద్దు. చప్పుడు కావాలి.

ఈస్టర్ సంగతి ఇప్పుడే మాటివ్వలేను. బస్సులో అంత దూరం నడుము పట్టేస్తుంది.

మెర్వ్

(చెయ్యి నొప్పిగా ఉందన్నారు, ఆయన చెబుతుంటే నేను రాశాను. ఐరిస్.)


పీటర్‌బరో
16 డిసెంబర్ 2001

తమ్ముడూ,

చెయ్యి నొప్పట, చెయ్యి! ఎవరురా ఈ ఐరిస్? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మీ ఆవిడ పోయిన ఇన్నేళ్ళకి నీకు కబుర్లు చెప్పేవాళ్ళు దొరికితే నాకు సంతోషమే. దాచడం దేనికి? ఈస్టర్‌కి తీసుకురా. ఆవిడకి ముందు గదిలో పక్క వేస్తాను, నువ్వు బల్లమీద పడుకుందువు గాని.

మనసులో ఒకటి పెట్టుకుని ఇంకోటి రాయడం నాకు చేతకాదు కాబట్టి ఇదీ చెబుతున్నాను. నడుము నొప్పికి నువ్వు రాకపోతే ఒక బాధ. ఆవిడ కోసం రాకపోతే ఇంకో బాధ. మొదటి బండి ఎవరు నడుపుతారని లాయిడ్ అడిగితే మా తమ్ముడే అని గట్టిగా చెప్పేశాను.

కంకర పోయడం అయిపోయింది. నువ్వు పంపిన చిప్పుతో బండి నడిచింది. ఎంత మెత్తగా పోతోందో! తెల్ల జిగురులో పాత్రల సబ్బు చుక్క వేస్తే కంకరలోకి బాగా ఇంకుతుందని లాయిడ్ చెప్పాడు, అలాగే చేశాను. ఇప్పుడు పట్టా రాయిలా బిగిసిపోయింది. క్యాసెట్టు పంపుతున్నాను. అందులో ఏముందో నాకు తెలీదు, ఎర్ర లైటు వెలిగిందా లేదా అని చూస్తూ కూచున్నాను.

డిసెంబరు కదా, ఎండలు మొదలయ్యాయి. క్రిస్మస్‌కి కోడిని పొద్దున్నే కాల్చి చల్లగానే తినేస్తాను. క్వాండాంగ్ అడవిపళ్ళు ఎండబెట్టి ఉంచాను, నువ్వొస్తే అమ్మ చేసినట్టు పిండిలో పెట్టి కాల్చి 'పై' చేద్దామని.

ఎదురుచూస్తూ
వెర్నా


పోర్ట్ లింకన్
10 జనవరి 2002

అక్కా,

క్యాసెట్టు విన్నాను. మళ్ళీ మళ్ళీ విన్నాను. ఇది బండి కాదు, అమ్మ కుట్టుమిషను. గుయ్యిమని ఒకటే మోత. టకటక ఏది? నాన్న ఊపిరి ఏం చేశావు?

నువ్వు టోపీ గురించి రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. కానీ నువ్వు ఏడ్చానని రాశాక నీ మాట కాదనబుద్ధి కాలేదు. ఊపిరి అంటే ఆత్మా కాదు, వాసనా కాదు. పట్టాలు వేసే గ్యాంగు వాళ్ళ మాట అది. పట్టాకీ పట్టాకీ మధ్య వదిలే సందు. నాన్న మేస్త్రీగా లైను మీద నిలబడి రోజూ అరిచేది అదే. "ఊపిరి వదలండ్రా వెధవల్లారా! ఎండకి ఇనుము కూడా ఒళ్ళు విరుచుకుంటుంది. చోటివ్వకపోతే లేచి మీదకొస్తుంది!" షెడ్డులో కూడా ప్రతి అతుకు దగ్గరా టీ ప్యాకెట్టు అట్టముక్క పెట్టి, అంత సందు వదిలే బిగించేవాడు. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా టక్కుమంటుంది.

సందు లేదని గొప్పగా రాశావు చూడు, నాకు అప్పుడే తట్టాల్సింది. ఆ రేకుల షెడ్డులో జనవరి ఎండ. వెంటనే అతుకులు కోసెయ్యి అక్కా, ఆలస్యం చెయ్యకు.

మెర్వ్


పీటర్‌బరో
20 జనవరి 2002

మెర్వ్,

నీ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. నిన్న మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళేసరికి మెయిన్ లైను పాములా మెలికలు తిరిగి ఉంది. స్టేషను దగ్గర పట్టా స్లీపర్లతో సహా లేచి ప్లాట్‌ఫారం అంచు విరగ్గొట్టింది. వంతెన మీద నాన్న అగ్గిపుల్లలు రాలిపోయాయి. ఏరి సాసర్లో పెట్టుకున్నాను.

గ్యాంగు మాట అట! మీరిద్దరూ షెడ్డులో ఏ భాషలో మాట్లాడుకునేవారో నాకెవరు చెప్పారు? తలుపు దాకా టీ తెచ్చి ఇచ్చి వెనక్కి పోవడమే నా వంతు. ఒక్కసారైనా లోపలికి రా, కూచో అన్నారా? నా కళ్ళముందు నువ్వూ నాన్నా నవ్వుకునేవారు, దేనికో నాకు తెలిసేది కాదు. ఈ వయసులో ఆ రైలు నాది కూడా అనుకుందామని మొదలుపెట్టాను.

టకటక ఏదని అడుగుతున్నావు. నాకు అది వినిపించి చాలా ఏళ్ళయింది మెర్వ్. ఉన్నా, పోయినా నాకు తేడా తెలీదు. ఈ సంగతి నీకు తెలిసి కూడా, అనుమానం వచ్చిన రోజే చెప్పకుండా ఊరుకున్నావు.

నువ్వు రావు. నాకు అర్థమైంది. ఇంజను పాడుచేసి పంపావు, ఉత్తరం రాయడానికి కూడా నీకు ఇంకో మనిషి కావాలి, నడుము, చెయ్యి అంటూ సాకులు. లూథరన్ చర్చి సంతకి ఇచ్చేస్తాను ఈ రైలుని. ఈస్టర్ ముందు వచ్చి ముక్కలు కోసి పట్టుకుపోతామన్నారు. పిల్లలు ఆడుకుంటారు.

వెర్నా


పోర్ట్ లింకన్
3 ఫిబ్రవరి 2002

అక్కా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. లావు నల్ల పెన్ను. పేజీకి నాలుగు వరసలు. అందుకే ఇంత లావు కవరు.

నా కళ్ళు పోతున్నాయి.

నడిమధ్య కనిపించదు. అంచులు మాత్రం కనిపిస్తాయి. నీ మొహంలోకి చూస్తే నీ చెవులు కనబడతాయి, ముక్కు కనబడదు. అద్దాలు లాభం లేదన్నాడు డాక్టరు.

ఫోటోలో పొడుగ్గా ఎవరో నిలబడ్డారని తెలిసింది. నువ్వే అనుకున్నాను. తీగె పోగు వేలితో తడిమాను, దొరకలేదు. పలక కూడా తడిమే అతికించాను.

ఐరిస్ కౌన్సిలు పంపే మనిషి. ఇల్లు సర్ది, నీ ఉత్తరాలు చదివి పెడుతుంది.

నేను బండి డ్రైవర్ని అక్కా. సిగ్నలు చూడలేని డ్రైవర్ని, ఆ బల్ల ముందు కూచుని ఏం చెయ్యను? నువ్వు జాలిగా చూస్తే అది కూడా నాకు కనబడదు. అందుకే రానన్నాను.

రైలు ఎవరికీ ఇవ్వకు. నేను నడపకపోయినా ఫరవాలేదు. ఉందని తెలిస్తే చాలు.

మెర్వ్

వెర్నా గారికి నమస్కారం. మీ ఉత్తరాలు ఈయనకి చదివి వినిపించేది నేనే కాబట్టి నా గురించి మీరు రాసినవన్నీ నేనే పైకి చదివాను. బల్లమీద పడుకోమన్న చోట ఇద్దరం నవ్వలేక చచ్చాం. నాకు మొగుడున్నాడమ్మా, ఆ ఒక్కడే ఎక్కువ. ఈయన మాత్రం మీ ఉత్తరం వచ్చిన రోజే కడుపునిండా తింటాడు. ఐరిస్.


పీటర్‌బరో
3 మార్చి 2002

నా మెర్వ్,

నీ కవరు విప్పి వంటింటి నేల మీద కాగితాలు పరుచుకుని చదివాను. తర్వాత అక్కడే కూచుండిపోయాను. లాయిడ్ వచ్చి తలుపు కొట్టాడట, నాకు వినిపించలేదు. కిటికీలోంచి చూసి పడిపోయాననుకుని లోపలికి దూకాడు.

నీ మీద అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఐరిస్ మీద అన్నవి కూడా. ఐరిస్, గట్టిగా చదువమ్మా ఈ ముక్క.

చర్చి వాళ్ళకి వద్దని చెప్పేశాను. ఆ సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి నాన్న టోపీ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అలవాటుగా. నుదుటి పట్టీ లోపల ఏదో గట్టిగా వేలికి తగిలింది. లాగితే టీ ప్యాకెట్టు అట్టముక్క. అంచులు నల్లగా అరిగిపోయి ఉంది. నేను రోజూ ముక్కు దగ్గర పెట్టుకున్నదాంట్లోనే ఉంది నాన్న ఊపిరి, నీ భాషలోదీ, నా భాషలోదీ. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందో తెలీదు.

ఇక పని సంగతి. అతుకులన్నీ కోసేశాను. ప్రతి సందులో ఆ అట్టముక్క పెట్టి చూసి, అంత మేరే వదిలాను. అప్పుడు కరెంటు ఆగిపోతుందని లాయిడ్ గోల. "ఇన్ని సందులుంటే నా చిప్పు చచ్చిపోతుంది తల్లీ!" అన్నాడు. "పట్టా నుంచి పట్టాకి పోనివ్వక్కర్లేదు, ప్రతి ముక్కకీ కింద నుంచి దాని తీగె దానికే పెట్టు" అన్నాను. నోరు తెరిచి నా వైపు చూశాడు. బల్ల కింద దూరి తిట్టుకుంటూనే అదంతా చేసి పెట్టాడు. మెలికపడ్డ పట్టాలు తీసేసి, నాన్న డబ్బాలో మిగిలినవి వేశాను. యార్డులో పొట్టి పట్టాలు, ఊరు దాటాక పొడుగువి, ఆయన వేసిన వరసలోనే. వంతెన అగ్గిపుల్లలు ఒక్కొక్కటే అతికించాను.

నాకు టకటక వినపడదు కదా, బల్ల చెక్క మీద వేళ్ళు ఆనించి చూశాను. తెలుస్తోంది మెర్వ్! చక్రం సందు దాటినప్పుడల్లా చెక్క చిన్నగా గిల్లినట్టు ఉంటుంది. షెడ్డులో నాకు ఇన్నాళ్ళకి ఒక మాట అర్థమైంది.

గోధుమ బండి ఎక్కడుందో చీకట్లో నీకెలా తెలిసేదో ఒకసారి చెప్పావు, చప్పుడు బట్టి అని. ఇది కూడా అంతే. నేను చెప్పను, నువ్వే విను. ఇంకో క్యాసెట్టు పంపుతున్నాను. బండి ఎక్కడుందో నువ్వు చెప్పగలిగితే, నువ్వు నడపగలవు. సిగ్నళ్ళు నేను చూస్తాను. ఆకుపచ్చయితే నీ భుజం మీద తడతాను.

చెప్పలేకపోయినా రా. ఊరికే రా.

మీ అక్క


పోర్ట్ లింకన్
18 మార్చి 2002

అక్కా,

ఐరిస్ రాస్తోంది. ఆగితే తిడుతున్నానట, అది కూడా రాసుకోమన్నాను.

బండి గుండ్రటి షెడ్డు దగ్గర బయల్దేరింది. యార్డులో పొట్టి పట్టాలు, టకటకటక, ఊపిరాడనట్టు. నీళ్ళ ట్యాంకు దాటాక కొంచెం తెరిపి. తర్వాత వంతెన, కింద డొల్ల కాబట్టి చప్పుడు లోతుగా వస్తుంది. నువ్వు అతికించిన అగ్గిపుల్లలు గట్టిగానే ఉన్నాయి, ఎక్కడా కిర్రుమనలేదు. ఆ తర్వాత పొడుగు పట్టాలు. టక్, టక్. అదిగో ఊరు దాటేశాం. నాన్న అక్కడికొచ్చాక ఎప్పుడూ పైపు వెలిగించుకునేవాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అగ్గిపుల్ల వాసన వచ్చినట్టయింది. ఐరిస్ కళ్ళు తుడుచుకుంటోంది, ఆ ముక్క రాయనంటోంది, రాయించాను.

ఇంత బాగా చూసి ఎన్నాళ్ళయిందో!

గుడ్ ఫ్రైడే ముందు రోజు బస్సెక్కుతున్నాను. పోర్ట్ అగస్టాలో బస్సు మారేటప్పుడు నన్ను రెండో బస్సెక్కించమని డ్రైవరుకి ఐరిస్ చెబుతుందట. మన ఊళ్ళో దిగాక నువ్వు నా ఎదురుగా నిలబడకు, కనపడవు. పక్కకి నిలబడు, ఎడమ పక్కకి. అంచులో నువ్వు బాగా కనిపిస్తావు. క్వాండాంగ్ 'పై' మర్చిపోకు.

ఇంకొక్క మాట. స్టేషను ముందర, ప్లాట్‌ఫారం విరిగిందన్నావే, అక్కడ ఒక టక్కు తక్కువైంది. ఒక చోట ఊపిరి వదల్లేదు నువ్వు. మర్చిపోయావో, నా కోసం ఉంచావో నాకు తెలీదు. ఉండనీ, ముట్టుకోకు. అట్టముక్క టోపీలోనే ఉంచు. నేనొచ్చి వేలితో తడిమి కోస్తాను, నువ్వు నా పక్కనే కూచో. టీ లాయిడ్ తెస్తాడు.

నీ డ్రైవరు
మెర్వ్